ఎడమ సగం దిర్చేది

దిర్చే కవానీ పోయినప్పుడు ఇటలీలో మా ఊరు మోదెనా పేపర్లో నాలుగు వాక్యాలు వేశారు. "కార్ల బాడీలు చేసే మెదార్దోకి చేదోడుగా ఉండేది" అని. చేదోడట! ఆ రాసినవాడు జన్మలో సుత్తి పట్టిన పాపాన పోలేదు. నేను ముప్ఫై ఏళ్ళు పట్టాను. మెదార్దో షెడ్డులో తయారైన పందెపు కార్లన్నిటికీ కుడి సగం నేను కొట్టాను, ఎడమ సగం దిర్చే కొట్టింది. ఏది మంచి సగమని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే జవాబు నాకు తెలుసు.

దిర్చేది పుట్టుకతో ఎడమచేతివాటం. బళ్ళో సన్యాసినులు ఆ చేతిని కుర్చీకి కట్టేసి కుడిచేత్తో అక్షరాలు దిద్దించారు. రాయడం ఒక్కటీ కుడిచేత్తో నేర్చుకుని, మిగతావన్నీ తన ఇష్టం వచ్చినట్టే చేసింది. శిలువ గుర్తు కూడా ఎడమచేత్తో వేసుకుని చెంపదెబ్బ తిన్నదట. యుద్ధంలో మగవాళ్ళంతా సైన్యంలోకి పోయాక విమానాల ఫ్యాక్టరీలో ఆడవాళ్ళని తీసుకున్నారు. అక్కడ అల్యూమినియం రేకు కొట్టడం నేర్చింది. యుద్ధం అయిపోగానే, ఇక ఇళ్ళకి పోయి వంటలు చేసుకోండని పంపేశారు. అందరూ వెళ్ళారు. దిర్చే మాత్రం ఒక సుత్తి పనికోటు కింద దాచుకుని నేరుగా అక్క మొగుడి షెడ్డుకి వచ్చింది.

"బావా, నాకు వంట రాదు. రేకు కొట్టడం వచ్చు," అంది.

మెదార్దో నవ్వాడు. మూడో రోజుకి నవ్వడం మానేశాడు.

మా పనికి కాగితం మీద బొమ్మలుండవు. లావుపాటి ఇనపతీగ వంచి కారు ఆకారంలో ఒక బోను కడతాం. చెట్టుమొద్దు మీద రేకు పెట్టి చెక్క సుత్తితో కొట్టి, బోను మీద ఆనించి చూసి, మళ్ళీ కొడతాం. చిక్కల్లా ఒక్కటే. కుడిచేతివాటం మనిషి రెండు పక్కలూ కొడితే ఒక పక్క కాస్త పొట్ట వేస్తుంది, దెబ్బ పడే దిక్కు మారుతుంది కదా. మా ఊళ్ళో ఏ షెడ్డుకి వెళ్ళినా అంతే. "రెండు పక్కలూ ఒకేసారి చూసే కళ్ళు దేవుడెవరికీ ఇవ్వలేదు" అని మావాళ్ళు సమర్థించుకునేవాళ్ళు. దిర్చే వచ్చాక మాకా సమర్థింపుతో పని లేకపోయింది. కుడిపక్క నా కుడిచెయ్యి, ఎడమపక్క ఆమె ఎడమచెయ్యి. దెబ్బకి దెబ్బ, అద్దంలో చూసుకున్నట్టుండేది.

యాభై నాలుగులో, బ్రెషా ఊళ్ళో మొదలయ్యే వెయ్యి మైళ్ళ కార్ల పందేనికి ముందు, మిలాన్‌లో బట్టల మిల్లున్న ఒకాయన మాకు రెండు సీట్ల కారు పురమాయించాడు. పని ఎలా ఉందో చూడమని బర్బెరిస్ అనే తోరీనో ఇంజినీరుని సోమవారం నాడు పంపాడు. గురువారానికి కారు రంగుకి వెళ్ళాలి. ఆ ఇంజినీరు పల్చటి చెక్క ఒకటి తెచ్చుకుని, నా కుడి మడ్‌గార్డు వంపుకి సరిగ్గా సరిపోయేలా కోసుకున్నాడు. దాన్ని తిప్పి ఎడమ మడ్‌గార్డు మీద పెట్టాడు. మధ్యలో బొటనవేలు దూరేంత సందు.

"ఇది కొట్టిందెవరు?"

"నేనే," అంది దిర్చే.

అతను ఆమె మొహం చూడలేదు, సుత్తి పట్టిన చెయ్యి చూశాడు. చూసి మెదార్దోతో అన్నాడు: "ఆడమనిషి, పైగా పుర్రచెయ్యి. ఇక సరిగ్గా ఎలా వస్తుంది? దీన్ని పీకేసి ఎవడైనా మగాడి చేత కొట్టించండి. ఈవిడని సీట్లు కుట్టుకోమనండి. లేకపోతే మావాళ్ళు వేరే షెడ్డు చూసుకుంటారు."

మెదార్దో మంచివాడే. గిరాకీ పోతుందంటే మాత్రం వెన్నలా కరిగిపోతాడు. "దిర్చే, సీట్ల పని కూడా మంచి పనేనే..." అని నసిగాడు.

"కుట్టుపని కూడా రాదు బావా," అని ఇంజినీరు వైపు తిరిగింది. "ఆ చెక్క దేనికి కొలిచి కోశారు? కుడి మడ్‌గార్డుకేగా? ఒకసారి తీగబోను మీద పెట్టి చూడండి."

"నేను తోరీనోలో చదువుకున్నాను. నాకు నువ్వు కొలతలు నేర్పుతావా?"

దిర్చే వెళ్ళి చెట్టుమొద్దు మీద కూర్చుంది. "బోను మీద పెట్టేదాకా నేను లేవను. ఈలోగా మీ మగాణ్ణి రేకు ఎక్కడ పెట్టుకుని కొడతాడో కొట్టమనండి. మీ తలకాయ గట్టిగానే ఉన్నట్టుంది."

ఆరుగురం సుత్తులు ఆపేశాం. పొద్దున్నించి సాయంత్రం దాకా మోత మోగే వీధి ఒక్కసారిగా మూగబోయింది. మెదార్దో పెళ్ళాం ఆర్జియా పిండి చేతులతోనే మేడ దిగి పరిగెత్తుకొచ్చింది. "ఎవరు పోయారే?"

"ఇంకా ఎవరూ పోలేదక్కా," అంది దిర్చే, ఇంజినీరు వంకే చూస్తూ.

తప్పెక్కడ జరిగిందో నాకు తెలుసు. రేకు మెత్తబడాలంటే సబ్బు రుద్ది మంట చూపిస్తాం, సబ్బు గోధుమరంగుకి తిరగ్గానే మంట తీసెయ్యాలి. నెలరోజుల కిందట నేను సైకిల్ పందేల గురించి పక్కవాడితో వాదించుకుంటూ సబ్బుని నల్లగా మాడ్చేశాను. రేకు అతిగా సాగి పొట్ట వేసింది. ఎవరు చూడొచ్చారులే అని వదిలేశాను. ఆ సంగతి దిర్చేకీ తెలుసు. మొద్దు మీంచి ఒక్కసారి నా వంక చూసి, చూపు తిప్పుకుంది. నా పేరు చెప్పలేదు. బూతులు తిట్టినా అంత సిగ్గుపడేవాణ్ణి కాదు.

ఇంజినీరు చేతిలో చెక్క లాక్కుని బోను మీద నేనే పెట్టాను. అదే బొటనవేలి సందు. దిర్చే మడ్‌గార్డు విప్పి బోను మీద పెడితే ఒంటికి చొక్కాలా అతుక్కుంది.

"తప్పు నాది," అన్నాను.

ఇంజినీరు మొహం కందగడ్డయింది. అయినా తగ్గలేదు. "సరే, ఇప్పుడు టైము లేదు. ఎడమదానికే కాస్త పొట్ట పెంచి జత కలపండి."

"తప్పుకి తోడుగా ఇంకో తప్పు నేను కొట్టను," అంది దిర్చే. "పొట్ట ఉండాల్సింది ఒద్దోనేకి, కారుకి కాదు."

ఒద్దోనే అంటే నేనే. అందరూ నవ్వారు. ఆర్జియా నవ్వలేదు, మొగుడి వంక గుడ్లురిమి చూసింది. మెదార్దో గొంతు సవరించుకుని, "కుడిది పీకరా ఒద్దోనే," అన్నాడు.

పీకి కొత్త రేకు మొదలెట్టాను. బుధవారం మధ్యాహ్నానికి సగం కూడా కాలేదు. మొద్దుకి ఎదురుగా నిలబడి ఎడమచేత్తో కొట్టే మనిషి తోడుంటే దెబ్బ దిక్కు చెడకుండా పని రెండింతలు సాగుతుంది. దిర్చే తన పక్క తలుపు నునుపు చేసుకుంటోంది, నా వైపు రాలేదు. ఇంజినీరు గోళ్ళు కొరుక్కుంటూ అటూ ఇటూ తిరిగి, చివరికి ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మీరు కూడా ఓ చెయ్యి వేస్తే గానీ ఇది అయ్యేలా లేదండీ."

"ఏ చెయ్యి?" అంది దిర్చే.

అతనేదో గొణిగాడు.

"ఇన్నేళ్ళ మోతకి చెవులు సరిగ్గా వినపడవు ఇంజినీరు గారూ. కాస్త గట్టిగా చెప్పండి."

షెడ్డులో అందరం తలలెత్తాం.

"ఎడమ చెయ్యి!" అని అరిచాడు ఇంజినీరు బర్బెరిస్. "మీ ఎడమ చెయ్యి!"

"అలా అడగండి మరి," అని దిర్చే లేచింది.