పేచ్చియమ్మాళ్ సైకిల్‌కు చుట్టిన పసుపు గుడ్డ

సాత్తూరు దాటేదాకా పేచ్చియమ్మాళ్‌కు ఏ అనుమానమూ రాలేదు. ఆ తర్వాతే హ్యాండిల్ కింద కిర్రు కిర్రుమని మొదలైంది. బుట్టలో సద్ది గిన్నె కదులుతోందనుకుని, దిగి, గిన్నెకు తువ్వాలు చుట్టి మళ్ళీ ఎక్కింది. విరుదునగర్‌లో మిరపకాయల గోడౌన్ల వీధిలోకి తిరిగేసరికి ఘాటుకు పెద్ద తుమ్ము వచ్చింది. ఆ అదురుకు హ్యాండిల్ కాస్తా పక్కకు ఒరిగిపోయింది. రెండు కాళ్ళూ నేలకు ఆనించి ఎట్లాగో నిలబడింది. ఇల్లు విడిచి ఇంకా యాభై కిలోమీటర్లే. తిరుపతికి ఇంకా ఐదు వందల పైచిలుకు.

యాభై ఆరేళ్ళ మనిషి. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పుల్లలు పేర్చింది. అందులో ఇరవై ఎనిమిదేళ్ళు ఈ సైకిల్ మీదే పనికి పోయింది. కూతురు సంగవి కడుపులో ఉన్నప్పుడు ఏడో నెల దాకా తొక్కింది, అత్త ఎంత తిట్టినా వినలేదు. పని మానుకున్న రోజున సైకిల్ సీటు మీద చెయ్యేసి మొక్కుకుంది: "ఇన్నేళ్ళు నన్ను కింద పడెయ్యకుండా మోసిన ఈ సైకిల్ మీదనే నీ కొండ కిందికి వస్తా, స్వామీ."

వీధంతా నవ్వింది. "నువ్వు తొక్కి తొక్కి తిరుపతి చేరేలోపల నేను రైల్లో పోయి గుండు కొట్టించుకోనొచ్చి, మళ్ళా జడ వేసుకుంటా" అంది ఎదురింటి సెల్వలక్ష్మి. అయినా పొద్దున హారతి ఇచ్చి సాగనంపిందీ ఆమే.

రెండు వీధుల అవతల సైకిళ్ళు బాగుచేసే కుమారవేల్ కొట్టు ఉంటే నడిపించుకుంటూ పోయింది. నలభై ఏళ్ళవాడు. వెల్డింగ్ కూడా అతనే చేస్తాడు. ఆమె అరవంలో చెప్పింది, అతను అరవంలో విన్నాడు. హ్యాండిల్ కింది నుంచి పెడళ్ళ వైపు దిగే గొట్టం కట్టు కట్టిన చెయ్యిలా లావుగా ఉంది. పసుపు గుడ్డ, దాని మీద పసుపు గుడ్డ. ప్రతి ఆయుధపూజకీ సైకిల్ కడిగి, తడి గంధం పూసి, పేచ్చియమ్మాళ్ అక్కడ కొత్త గుడ్డ చుట్టేది. పాతది విప్పేది కాదు. మొక్కి కట్టినదాన్ని ఎవరైనా విప్పుతారా? ఇరవై ఎనిమిది గుడ్డలు.

కుమారవేల్ బ్లేడు తీశాడు.

"కొయ్యొద్దు తంబీ!" అరవం మరిచి, నోటికి ఇంట్లో మాట్లాడే తెలుగే వచ్చింది.

అతను తలెత్తాడు. "మీరు మనోళ్ళా? కొయ్యకుంటే యాడ విరిగిందో ఎట్ల కనపడతాది, పెద్దమ్మా?"

కళ్ళు మూసుకుని తల ఊపింది. గుడ్డలు పొరలు పొరలుగా ఊడాయి. చివరి పొరతో పాటు గోధుమరంగు పొడి దోసెడంత రాలింది. కుమారవేల్ వేలు పెట్టి నొక్కితే, నొక్కిన చోట ఇనుము లేదు. వేలు లోపలికే పోయింది.

"అయ్యయ్యో!" అతనే అదిరిపడ్డాడు. "ఇది ఈ పొద్దు విరగాల్సింది కాదు, ఐదేళ్ళ ముందే విరగాల్సింది. తడి గంధం, పైన గుడ్డ, దానిపైన వానా. ఎండ తగిలిందే లేదు. తుప్పు కూర్చోని తినేసుండాది."

పేచ్చియమ్మాళ్ వంగి, రాలిన పొడిని వేళ్ళతో తాకింది. వర్షంలో వదిలేసిందా, ఎవరి చేతికైనా ఇచ్చిందా? బిడ్డను చూసుకున్నట్టు చూసుకుంది. ఏ చేత్తో పూజ చేసిందో ఆ చేత్తోనే దాన్ని చంపింది. తన కుడిచెయ్యిని తానే ఎవరిదో చూసినట్టు చూసింది.

"అతికించలేవా?"

"నిప్పు పెడితే కాగితం మాదిరి కాలిపోతాది. లారీల రోడ్డు మీద ఇది మళ్ళీ విరిగితే మిమ్మల్ని ఎవరు ఏరేది? ఒకటి చేస్తా. పైన ఆడోళ్ళ సైకిల్ ఫ్రేము ఒకటి వేలాడతా ఉండాది, గట్టిది. మీ చక్రాలు, హ్యాండిల్, సీటు, పెడళ్ళు, అన్నీ దానికి మారుస్తా."

"అప్పుడు అది నా సైకిల్ ఎట్ల అయితాది? నేను మొక్కింది దీని మీద!"

అతను బ్లేడు పక్కన పెట్టేశాడు.

ఇంటికి ఫోన్ చేసింది. సంగవి "నువ్వు అక్కడే ఉండు, నేను వచ్చి పిలుచుకొని పోతా" అని బస్సెక్కేసింది. గంటన్నరలో దిగింది. గొట్టంలో కన్నం చూసి నోరు నొక్కుకుంది.

"చాలమ్మా, ఇంటికి రా. దేవుడే ఆపినాడు."

"దేవుడు ఆపలే. నేనే తినేసినా." పేచ్చియమ్మాళ్ కొట్టు గడప మీద కూర్చుంది. కూతురు తెచ్చిన నీళ్ళు తాగలేదు. తర్వాత ఉన్నట్టుండి అడిగింది: "ఏమే, మీ పెద్దమ్మకు మోకాలు మార్చి ఇనుము పెట్టినారు కదా?"

"దానికేం ఇప్పుడు?"

"ఆమెను పెద్దమ్మ అని పిలిచేది మానేసినావా?"

కుమారవేల్ పకపకా నవ్వి, పైకెక్కి ఫ్రేము దించాడు.

మధ్యాహ్నానికి పని అయింది. పాతదాన్ని చూపించి, "దీన్ని తూకానికి వేసేదా?" అని అడిగాడు.

"నోరు మూసుకో!" అని ఆమె అరిచిన అరుపుకు పక్క టీకొట్టువాడు బయటికొచ్చాడు. "సంగవీ, నువ్వు వచ్చింది దీనికే. ఇంటికి ఎత్తుకొని పో."

"నేను వచ్చింది నిన్ను తీసుకొని పోయేదానికి!"

"నేను మొక్కు మీద ఉండా. దానికి చక్రాలు కూడా లేవు. దాన్ని తీసుకొని పో."

కోవిల్‌పట్టి బస్సులో ఆ పాత ఫ్రేమును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది కూతురు. దాని కొన తగిలి ముందు సీటు ముసలాయన గొణుగుతున్నాడు, కండక్టరు లగేజీ అంటున్నాడు, సంగవి ఇద్దరితోనూ ఒకేసారి పోట్లాడుతోంది. బస్సు కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది: "ఈ రాత్రికి తిరుమంగలంలో పడుకో! ఫోన్ చెయ్యి!"

పేచ్చియమ్మాళ్ మదురై వైపు తిరిగి సీటెక్కింది. ఈ ఫ్రేము రెండంగుళాలు ఎత్తు. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర కాలు నేలకు అందక ఒక పక్కకు వాలిపోయి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, ఎవరూ చూడలేదు కదా అని చుట్టూ చూసుకుని మళ్ళీ తొక్కింది.