డాక్టరమ్మ చెప్పిన ఆపే కణాలు

మొన్న వానలో మా ఇంటి ముందు లారీ ఒకటి బ్రేకు వేసి బుస్సున గాలి వదిలింది. తడిసిన ఎర్రదుమ్ము వాసన లోపలికి వచ్చింది. బళ్లారిలోని నరాల డాక్టరమ్మ గుర్తొచ్చింది.

ఖనిజం లారీలు పగలూ రాత్రీ మా ఊరు బండ్రి మీదుగా నడిచిన కాలమది. మా మిరపచేనుపై పడ్డ దుమ్ము గురించి నేను పెట్టని అర్జీ లేదు. నన్ను కసిరిన గుమాస్తాల ముఖాలన్నీ ఇప్పటికీ గుర్తే. ఆ మోతకు నిద్రపట్టక రోడ్డు పక్క ఇళ్లవాళ్లు మందులషాపులో నిద్రమాత్రలు కొనేవారు. అయిపోతే చక్కెర అడిగినట్టు పక్కింట్లో అడిగి తెచ్చుకునేవారు. మా అమ్మా అంతే. కొన్నాళ్లకు ఆమె నన్నే చూసి, "ఎవరప్పా నువ్వు? యాడినుంచి వస్తాండావు?" అంది.

అమ్మను బళ్లారికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ ముందు కూర్చోగానే దుమ్ము సంగతి ఎత్తుకున్నాను.

"నీ దుమ్ము పంచాయితీ ఆమేల తీరిగ్గా చెబుదువులే. అమ్మ ఏం మాత్రలు తింటాండాది?"

నొచ్చుకుంటూనే మాత్రల అట్ట చూపించాను.

"ఇరుకు రోడ్డు కాడ జెండా పట్టుకుని లారీలు ఆపేటోడు ఉంటాడు కదప్పా? మెదడులోనూ అట్లా ఆపే కణాలుంటాయి. కొందరు ముసలోళ్లకు జబ్బుతో అవి దెబ్బతింటాయి. మిగతావన్నీ ఒకేసారి అరుస్తాయి, ఏదీ గుర్తుండదు. ఈ మాత్ర దానికి ఎదురు పని చేస్తాది. ఆపేటోడికి బలమెక్కువిచ్చి, బండ్లన్నీ నిలబెట్టేస్తాది. అప్పుడూ ఏదీ గుర్తుండదు."

"అయితే ఇప్పుడే పారేస్తా మేడమ్."

"అన్నీ దుడుకే నీకు! ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. మెల్లగా తగ్గిద్దాం. మాత్ర తీసుకుపోయింది తిరిగొస్తాది. జబ్బు తీసుకుపోయింది ఉంటే అది రాదు. ఆ కణాలను బాగుచేసే మందు కోసం ఇంకా వెతుకుతాండారు."

ఆమె చెప్పినట్టే నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాం. నిద్రలేక అమ్మ ఏడిస్తే పక్కనే కూర్చునేవాణ్ని. వెళ్లినప్పుడల్లా డాక్టరమ్మ, "అమ్మ పండుకుందా? మరి నువ్వు?" అనేది. అంతకుముందు నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు.

ఒక ఉదయం అర్జీ రాస్తుంటే వెనక నుంచి అమ్మ గొంతు.

"సూరీ, ఇంగా ఆ ఆఫీసరు మీదనే ఏడుస్తాండావా? కూడు తిన్యావా లేదా?"

అర్జీ మడిచి, అమ్మ పక్కన కూర్చుని కూడు తిన్నాను.

అంతా తిరిగి రాలేదు. నాన్న పోయిన సంగతి అమ్మకు నిలిచేది కాదు. రోజూ ఆయనకు అన్నం తీసిపెట్టేది. నేను రోజూ సరిదిద్దేవాణ్ని, ఆమె రోజూ కొత్తగా ఏడ్చేది. అది విని డాక్టరమ్మ అడిగింది.

"దీంట్లో నువ్వు గెలిచేదేముందప్పా?"

ఆ సాయంత్రం అమ్మ, "మీ నాయన యాడుండాడు?" అంది.

"దారిలో ఉండాడమ్మా. వస్తాండాడు."

నా అర్జీలు నేటికీ ఆగలేదు. కానీ మతి తప్పిన ముసలివాళ్లు నన్ను ఇంకెవరో అనుకుని పిలిస్తే, ఆ పేరుకే పలుకుతాను.