ఎంత తప్పు? ఎటువైపు?

పర్వేజ్ ఎవరేం చెప్పినా నమ్మడు. అలాగని అబద్ధమనీ అనడు. కాసేపు ఆకాశంలోకి చూసి, "ఎంత తప్పు? ఎటువైపు?" అని అడుగుతాడు. ఆ మనిషికున్న జబ్బు అదొక్కటే. దానితోనే భార్య బద్రున్నీసాకి సగం ప్రాణం పోయింది.

కొత్తగూడెంలో ఇంట్లో కూర్చుని అతను చేసే ఉద్యోగమే అలాంటిది. పైన ఓ ముసలి ఉపగ్రహం తిరుగుతుంటుంది. భూమి మీద పడి వెనక్కి వచ్చే ఎండని చూసి, గాలిలో ఓజోన్ ఎంతుందో చెప్పడం దాని పని. ఏళ్ళ తరబడి ఎండలో కాగి దాని అద్దం మసకబారింది. వెలుగు తక్కువ కనబడేసరికి, ఓజోనే ఎక్కువై అడ్డొస్తోందనుకుంటుంది పిచ్చిది. నేల మీది పరికరాలతో పోల్చి ఆ తప్పెంతో పట్టుకోవడం, లెక్కలోంచి తీసేయడం పర్వేజ్ పని.

"పాడైనదాన్ని పట్టుకుని ఏంది ఈ తిప్పలు? పడేసి కొత్తది పంపరాదు?" అందామె ఓసారి.

"పాడు కాలేదు బద్రూ. రోజూ ఒక్కతీరుగనే తప్పు చెప్తోంది. అట్ల చెప్పేదాన్ని కళ్ళు మూసుకుని నమ్మొచ్చు."

ఈ లెక్క ఆకాశంతో ఆగితే బాగుండేది. ఆటో సతీష్ ఫోన్ చేసి "పాల్వంచ దాటిన సార్" అంటే, పర్వేజ్ తాపీగా స్నానానికి వెళ్ళేవాడు. "ఇంకా చెప్పులు వెతుక్కుంటున్నడు. ఎప్పుడూ అంతే ముందుకు చెప్తడు. పాపం, ఒక్కనాడు తేడా రాలె." కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే, "నా నాలుక ఇప్పుడే తీపి టీ తాగింది, దాని మాట పట్టించుకోకు" అనేవాడు. "నాకేం కోపం లేదు" అని ఆమె గిన్నె ఎత్తేస్తే, "దీన్ని తలకిందులు చేసి చదువుకోవాలె" అని గొణుక్కుంటూ వెళ్ళి గిన్నెలు తోమేవాడు.

ఇప్పపూలు రాలే రోజుల్లో అడవి వైపు నుంచి ఓ తియ్యటి మత్తు గాలి మేడ మీదికి వచ్చేది. పర్వేజ్ వెల్లకిలా పడుకుని పలచబడ్డ ఆకాశాన్ని చూస్తూ ఉండిపోయేవాడు. పొర కమ్మిన కంటితో, ఎవరూ తోడులేకుండా, కనబడిందే నిజమనుకుని తిరుగుతున్న ఆ ముసలిదాని మీద అతనికి అంత ముద్దు. పక్కన కూర్చుంటే బద్రున్నీసాకి కూడా నిద్రా మెలకువా కాని ఏదో హాయిగా ఉండేది. సవతి ఆకాశంలో ఉంటే ఏం కొట్లాడుతుంది?

అలాంటి సాయంత్రం ఆమె తమ్ముడు ఉబేద్ మేడ మెట్లెక్కాడు.

"ఆపా, అబ్బాజాన్ దుకాణం మూసేద్దాం. దూలయ్య లేడూ, చర్ల దిక్కు నుంచి వస్తడు, అబ్బాజాన్ కుట్టిన కొత్త చొక్కా ఏసుకుని చుట్టాల పెళ్ళికి పోయిండంట. ఎడమ చెయ్యి మోచేతి కాడనే ఆగింది. ఊరంతా నవ్విండ్రు."

వాళ్ళ నాన్న మహబూబ్ అలీ బజార్లో టైలర్. ఎడమ కంటికి పొర వచ్చింది. ఆపరేషన్ అంటే భయం. చలికాలంలో చేయించుకుంటానని ఎట్టకేలకు ఒప్పుకున్నాడు. ఈలోపు దుకాణం మూస్తే మళ్ళీ తెరిచే మనిషి కాదు. కుట్టుమిషన్ ఆగితే ఆయనా ఆగిపోతాడని ఆమె భయం.

"నువ్వు చెప్తేనే వింటడు ఆపా. నువ్వే చెప్పు," అన్నాడు ఉబేద్.

పర్వేజ్ లేచి కూర్చున్నాడు. "ఎంత తప్పు? ఎటువైపు?"

బద్రున్నీసాకి ఒళ్ళు మండింది. "మా నాయినేమన్న మీ శాటిలైటా?"

"కాదు. దాని దగ్గరికి పోలేం. ఈయన దగ్గరికి పోయి నిలబడొచ్చు."

మర్నాటి నుంచి అతను సాయంత్రాలు మామగారి దుకాణంలోనే. చొక్కా మీద చొక్కా కుట్టించుకుని, ఒక్కోదాని చేతులు కొలిచి రాసుకున్నాడు. మొదటిది వేసుకుంటే ఎడమ మణికట్టు బయటికొచ్చి గోడ మీంచి తొంగిచూస్తున్నట్టుండేది. తర్వాతవి ఎలా ఉన్నాయో ఆమె చూడలేదు. కోపంతో బీరువా తెరవడమే మానేసింది.

వానలు మొదలయ్యాక ఉబేద్ మళ్ళీ పోరు పెట్టాడు. ఏమైతే అదైందని ఆమె దుకాణానికి బయల్దేరింది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. గుమ్మంలో ఆగిపోయింది.

లోపల దూలయ్య ఎడమ భుజం జార్చి, ఆ చెయ్యి నేలకేసి సాగదీసి, గాలికి ఒరిగిన తాటిచెట్టులా నిలబడ్డాడు. మహబూబ్ అలీ మెడ నుంచి మణికట్టుకి టేపు పట్టి కొలుస్తున్నాడు. బయట బెంచీ మీద గనిలో పనిచేసే భద్రయ్య, తన వంతు రాకముందే ఒరగడం సాధన చేస్తున్నాడు. పక్కన పర్వేజ్, చేతిలో చాయ్. ఒంటి మీది చొక్కా రెండు చేతులూ సమంగా, అతికినట్టుంది.

"ఇంకొంచెం," అని పర్వేజ్ సైగ చేశాడు. దూలయ్య ఇంకొంచెం ఒరిగాడు.

"చూసినవా బేటీ!" అన్నాడు మహబూబ్ అలీ. "ఊళ్ళో సక్కగ నిలబడేటోడు ఒక్కడు లేడు. మీ ఆయన సుత అంతే. గిసొంటి వంకర మనుషులకు సైతం నా కుట్టు ఎట్ల కుదురుతుందో అడుగు!"

"అవ్ మాస్టరూ, నీ చెయ్యే చెయ్యి," అన్నాడు దూలయ్య, అలా ఒరిగే ఉండి.

బద్రున్నీసా కూర్చుకొచ్చిన మాటలన్నీ ఎటో పోయాయి. చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

"నాకూ ఒక కుర్తా కుట్టు అబ్బాజాన్," అని ఆయన ముందు నిలబడి, మెల్లగా ఎడమ భుజం జార్చింది.

మహబూబ్ అలీ టేపు పట్టుకుని కూతుర్ని ఎగాదిగా చూసి నిట్టూర్చాడు.

"నీకు సుత అంటుకుందా బేటీ?"