తలుపులు పెట్టించిన స్విమ్మింగ్ మేడం

మా స్విమ్మింగ్ మేడం పోయారని పొద్దున్నే మా బ్యాచ్‌లోని పర్వీన్ ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ముందురోజు మధ్యాహ్నమే కదా నీళ్లలో నా మోకాలు పట్టుకుని "వంచకక్కా, కొట్టు, కొట్టు" అని అరిచారు!

నారాయణగూడ పూల్‌లో ఆడవాళ్లకంటూ ఒక గంట ఉందంటే ఆవిడ వల్లే. ఆ గంటసేపు మగ గార్డులు గేటు బయటే ఉండాలి. పక్క బిల్డింగు వైపు గోడకు పరదా కూడా ఆవిడే కట్టించారు. సంచిలో ఎప్పుడూ పిన్నీసులు, ప్యాడ్లు, ఎవరికైనా పనికొస్తుందని ఒక నైటీ పెట్టుకునేవారు. నీళ్లంటే వణికేవాళ్లను చూసి ఎవరైనా నవ్వితే మాత్రం ఊరుకునేవారు కాదు. "భయపడేటోళ్లను చూసి నవ్వొద్దు. వాళ్ల ఒంటికి ఏం గుర్తుందో నీకు తెల్వది" అనేవారు.

పోయిన ఎండాకాలం లావణ్య వచ్చింది. ట్రాన్స్ మహిళ. అశోక్‌నగర్‌లో కిరాయి గదిలో ఉంటూ ఒక ల్యాబులో పనిచేస్తుంది. తానే రాసిచ్చిన అఫిడవిట్ మీద కలెక్టరాఫీసు ఇచ్చిన ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు చూపించి, ఆడవాళ్ల బ్యాచ్‌లో చేరతానంది. మేడం చేర్చుకున్నారు.

గొడవంతా బట్టలు మార్చుకునే గది దగ్గర వచ్చింది. అది ఒకటే పొడవాటి గది. గోడకు కొక్కేలు తప్ప చాటనేది లేదు.

విద్యానగర్ నుంచి వచ్చే సుజాత టీచరు ముందు నోరు తెరిచింది. "ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు మేడం. కానీ చిన్నప్పుడు నాకు జరిగింది మీకు తెలుసు. ఈ గదిలో చీర విప్పడానికే నాకెన్నాళ్లు పట్టిందో కూడా తెలుసు. రేపు ఇంకెవడో కాగితం రాసిచ్చి వస్తే ఆపగలరా?"

"మరి నన్ను మగోళ్ల రూముల మార్చుకొమ్మంటరా అక్కా?" అంది లావణ్య. "ఆడ నాకేమైతదో మీకు ఎరుక లేదా?"

పర్వీన్ వెళ్లి లావణ్య పక్కన నిలబడింది. నేను సుజాత పక్కన. కాసేపటికి అందరం అరుచుకున్నాం. మేడం అడ్డు రాలేదు. అందరి అరుపులూ అయ్యాక, "సుజాత భయం నిజమే. లావణ్య భయం గూడ నిజమే. పూల్ మాత్రం ఎవరికీ బంద్ కాదు. తలుపులు పెట్టించేదాంక ఇంటికాడనే మార్చుకొని రాండి" అన్నారు.

మేనేజ్‌మెంట్ వెంటపడి గదిలో ఒక్కొక్కరికి సరిపడే అరలు కట్టించి తలుపులు పెట్టించారు. కొత్త పెయింటు వాసన పోకముందే లావణ్య అడిగింది.

"ఈ తలుపులు నాకోసమా మేడం, నా నుంచి వీళ్లను కాపాడనీకా?"

"రెండూ బిడ్డా. నీకు అబద్ధం చెప్ప" అన్నారు మేడం.

లావణ్య లోపలికి పోయి గొళ్లెం వేసుకుంది. సుజాతేమో తలుపు కింద జానెడు సందుందని చెప్పి, ఆ వారం నుంచే రావడం మానేసింది. మేడం ఎన్నోసార్లు ఆమె ఇంటికి వెళ్లొచ్చారు. "ఆమెది తప్పని నేననలే. మళ్లీ రమ్మని మాత్రం అన్న" అనేవారు. నేను మానలేదు. ఇప్పటికీ ఆ గదిలో గొళ్లెం ఒకటికి రెండుసార్లు చూసుకుంటాను. అది మేడంకి తెలుసు, నన్నెప్పుడూ ఏమీ అనలేదు.

చిక్కడపల్లిలో మేడం ఇంటిముందు సందంతా జనం. సుజాత వచ్చింది. లావణ్య గేటు దగ్గరే ఆగిపోయింది. మేడం అక్కగారు బయటికొచ్చి, "స్నానం చేపియ్యాలె. ఆడోళ్లు చీరలు అడ్డం పట్టుండ్రి" అన్నారు. పర్వీన్, నేను బకెట్లు అందుకున్నాం. లావణ్య కదల్లేదు. ఎవరూ పిలవలేదు కూడా. నేనూ పిలవలేదు.

వీధివైపు చీర ఒక అంచు సుజాత చేతిలో ఉంది. రెండో అంచు గాలికి లేచిపోతోంది. సందులో మగవాళ్లు నిలబడి ఉన్నారు. సుజాత అటూ ఇటూ చూసి, గేటు వైపు తిరిగి, "ఆ అంచు పట్టుకోండి, త్వరగా" అంది.

లావణ్య వచ్చి పట్టుకుంది.

మేం నీళ్లు పోస్తున్నంతసేపూ వాళ్లిద్దరూ మేడం వైపు వీపులు పెట్టి, వీధివైపు చూస్తూ, చెరో అంచూ బిగించి పట్టుకుని నిలబడ్డారు. నీళ్లు వాళ్ల పాదాల కిందుగా సందులోకి పారుతున్నాయి.