పోశాలు పుస్తకంలో చావుల్లేవు

మానుకోట రైల్వే స్టేషన్ వెనకాల ఒక లూథరన్ గుడి ఉండేది. దాని గంట మోగితే డోర్నకల్ జంక్షన్‌లో గూడ్సు బండి ఆగిపోయేదని చెప్పుకుంటారు. అంత కాకపోయినా సగం ఊరి పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్ళన్నది మాత్రం నిజం. ఆ గంట కొట్టినవాడు పోశాలు. బాప్తిస్మం పేరు పౌలు, కానీ ఆ పేరుతో పిలిస్తే ఆయనే పలకడు. గుడి ఊడ్వడం, సమాధి తవ్వడం, రిజిస్టర్లు రాయడం, అన్నీ ఆయనే. చదివింది అయిదో తరగతి, నడక మాత్రం కలెక్టరుది.

ఏడేళ్ళ కిందట గుడి మూతపడింది. బల్లలు ఎవరో తీసుకుపోయారు, గంట ఇంకెవరో దించుకుపోయారు. రిజిస్టర్లు మాత్రం పోశాలు ఇంట్లో బియ్యం డబ్బా మీద ఎర్రగుడ్డ మూటలో మిగిలాయి. బియ్యం తీయాలంటే పెళ్ళాం రాజీ రోజూ ఆ మూటతో కుస్తీ పట్టాల్సిందే.

"నువ్వు సచ్చినంక గిది నీ నెత్తి కింద పెడత" అనేది రాజీ.

"గది వందేండ్ల చరిత్రనే. నీకేం ఎరుక" అనేవాడు పోశాలు.

ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ మూట చూపించేవాడు. విప్పేవాడు మాత్రం కాదు. ఎందుకు విప్పడో మొన్న ఎండాకాలంలో బయటపడింది.

గుడి సమాధుల తోట మీదుగా కొత్త రోడ్డు పడుతోంది. రిజిస్టరులో పేరున్న సమాధులను ఊరవతల వేరే జాగాకు మారుస్తారట. పేరు లేనివాటి మీద నుంచి లారీలు పోతాయి. ఆ పేర్లు చూసి పోవడానికి లూథరన్ సంఘాల పెద్ద ఆఫీసు నుంచి అజిత్ అనే గుమాస్తా పోశాలు ఇంటికి వచ్చాడు, కోస్తా మనిషి. ఆ కబురు విని స్టేషను ముందర చాయ్ బండి పెట్టుకున్న తుల్సీబాయి పొయ్యి ఆర్పి మరీ వచ్చింది. ఆమె భర్త మంగీలాల్ తండా నుంచి వచ్చి రైలు పట్టాల పనిలో చేరినవాడు. పదమూడేళ్ళ కింద పోయాడు. సమాధికి రాయి కూడా లేదు, పక్కన ఒక వేపచెట్టు, అంతే గుర్తు.

అజిత్ చావుల రిజిస్టరు తిరగేసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"గుడి మూసే ముందు తొమ్మిదేళ్ళలో ఒక్క చావూ లేదేంటండి? ఇక్కడి నీళ్ళు అంత మంచివా?"

"గా కాయితాలు చెదలు తిన్నయి సారు" అన్నాడు పోశాలు.

"పేజీ నెంబర్లు వరసగానే ఉన్నాయండి."

పోశాలు చెవులు ఎర్రబడ్డాయి. అజిత్ రెండో రిజిస్టరు తెరిచాడు. అది ప్రభు భోజనం పుస్తకం. ఆ గుడిలో ఆదివారం రొట్టె, ద్రాక్షరసం తీసుకోవాలంటే శనివారమే పేరు చెప్పి రాయించుకోవాలి. తీసుకున్నాక పేరు ఎదురుగా గీత పెడతారు. గీతలు ముప్పైకి తగ్గితే ఖమ్మం నుంచి నెలకోసారి వచ్చే పాస్టరు రావడం మానేస్తాడు. పాస్టరు రాకపోతే గుడికి తాళం. అందుకని పోశాలు ఏం చేశాడంటే, ఎవరు చనిపోయినా తనే గొయ్యి తవ్వి, తనే మట్టి కప్పి, ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, ఆ మనిషి చావు రాయకుండా వచ్చే నెల కూడా ఆ పేరు రాసి గీత పెట్టేవాడు. రైలు తప్పిపోతుందన్న తొందరలో పాస్టరు చూడకుండానే సంతకం పెట్టేవాడు. గుడిలో పన్నెండు మంది కూర్చుంటే పుస్తకంలో ముప్పై రెండు మంది తినేవాళ్ళు.

అజిత్‌కు ఇవేవీ తెలియవు. వేలు పెట్టి పైకే చదివాడు. "మంగీలాల్. గుడి మూసేదాకా ఒక్క నెల కూడా మానలేదమ్మా మీవారు. ఎంత భక్తో."

తుల్సీబాయి పోశాలు వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"అన్నా, నేను ప్రతి నెల ఆడనే కూసుంటి గదా. నా పక్కపొంటి వచ్చి తిని పోతుంటే నాకెందుకు కనవడలే?"

భూమి చీలితే బాగుండునని పోశాలు నేల వైపు చూశాడు. అది రాజీ పొద్దున్నే అలికిన నేల, చీలలేదు. చివరికి తల ఎత్తకుండానే ఒప్పుకున్నాడు.

"గుడి మూస్తరని భయమయి రాసిన బాయీ. రాసినా మూసిన్రు."

చనిపోయినవాళ్ళు మొత్తం ఇరవై మంది. ఏ వరసలో ఎవరున్నారో, తల ఎటు పెట్టాడో పోశాలుకు నోటికే వచ్చు, తవ్విన చెయ్యి కదా. అజిత్ చావుల రిజిస్టరులో ఖాళీ పేజీ తెరిచాడు.

"ఇప్పుడు రాయొచ్చండి. కానీ అప్పుడు ఎందుకు రాయలేదో కూడా మీ చేత్తో రాసి సంతకం పెట్టాలి. ఈ పుస్తకం మా ఆఫీసు బీరువాలో ఉండిపోతుంది. ఎవరడిగినా చూపిస్తాం."

అంటే వందేళ్ళ చరిత్రలో ఆఖరి పేజీ పోశాలు అబద్ధం. పెన్ను పట్టుకుని పావుగంట కూర్చున్నాడు. రాజీ ఒక్క మాట కూడా దెప్పలేదు. అదే ఎక్కువ మండింది ఆయనకు. రాయకపోతే తన పేరు నిలుస్తుంది, మంగీలాల్ మీద రోడ్డు పడుతుంది.

రాశాడు. ఇరవై పేర్లు, వరసలు, కింద ఒక్క వాక్యం: "వీళ్లు చచ్చిపోయినా బతికున్నట్టు నేనే గీతలు పెట్టిన." సంతకం పౌలు అని పెట్టాడు.

"సదువు అన్నా, నేనింట. నాకు సదువు రాదు" అంది తుల్సీబాయి.

పైకి చదివాడు. మంగీలాల్ పేరు దగ్గర ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టి చదివాడు.

సమాధులు మార్చిన రోజు, కూలివాళ్ళున్నా వినకుండా వేపచెట్టు పక్కన గడ్డపార పట్టింది పోశాలే. తుల్సీబాయి కెటిల్ తెచ్చి అందరికీ చాయ్ పోసింది. ఆయన దాకా రాగానే పోశాలు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"పట్టు అన్నా" అంది గ్లాసు చాపి. "తాగకుంటె తాగినట్టు గీత పెట్టుకుంటవు మల్ల."

కూలివాళ్ళు నవ్వారు. పోశాలు గ్లాసు తీసుకుని, కాలుతున్న చాయ్‌ని ఆమె చూస్తుండగానే ఆఖరి చుక్క దాకా తాగాడు.