సభలో తయారైన ఐసు

అప్పారావు ఉద్యోగంలో చేరిన రోజున కొత్తరేవులో ఒక్క పడవ కూడా సముద్రంలోకి దిగలేదు.

రేపల్లె నుంచి నిజాంపట్నం పోయే బస్సు దిగి, ఉప్పుకయ్యల గట్టు పట్టుకుని నడిస్తే వచ్చే పల్లె అది. అందరిదీ వేటే. దొరికిన చేపను ఆడవాళ్ళు గంపలకెత్తుకుని రేపల్లె చేరేసరికి ఎండకు మెత్తబడిపోయేది. తెనాలి నుంచి వచ్చే వ్యాపారులు చేప మొప్పలెత్తి చూసి, మొహం పక్కకు తిప్పి, సగం ధర చెప్పేవారు. ఆ సగానికే ఇచ్చి రావాలి. మళ్ళీ ఇంటికి మోసుకొస్తే కుక్కలు కూడా ముట్టవు. అందుకని పందొమ్మిది వందల అరవై ఒకటిలో ప్రభుత్వం కొత్తరేవుకు ఐసు ఫ్యాక్టరీ మంజూరు చేసిందని తెలియగానే ఊరు ఊరంతా పండగ చేసుకుంది.

ఊళ్ళో ఎనిమిదో తరగతి దాకా చదివినవాడు అప్పారావు ఒక్కడే. అతన్ని కాకినాడ పంపి ఐసు మిషను నడపడం నేర్పించారు. అక్కడ ఉన్నన్నాళ్ళూ అతనికి నిద్రలో కూడా కంప్రెసరు చప్పుడే. వేసవి మధ్యాహ్నం ఒళ్ళంతా చెమటలు కారుతుంటే, చేతి కింద గొట్టం మీద తెల్లగా నూగులా మంచు పేరుకోవడం చూసి అతను మురిసిపోయేవాడు. ఇక తనకు సముద్రం మీద వేటతో పనిలేదనుకున్నాడు. తిరిగొచ్చాక ఊరి పెద్ద శివయ్య తన కూతురు పేరమ్మనిచ్చి పెళ్ళి చేశాడు. ఆపరేటరుగా ఉత్తర్వులొచ్చిన రోజున ఊరందరూ అతన్ని వెంటబెట్టుకుని కొత్త కట్టడం దాకా నడిచివెళ్ళారు.

కట్టడం బాగానే ఉంది. తెల్లగా సున్నం కొట్టారు. ఉప్పునీటి తొట్టి కట్టారు. కరెంటు స్తంభాలు పాతారు. గుమ్మం మీద బోర్డు పెట్టారు. మిషను మాత్రం రాలేదు.

"వత్తందంట. ఓడ మీద ఉందంట," అన్నాడు శివయ్య.

ఆ ఏడాది శాసనసభలో ఎవరో సభ్యుడు కొత్తరేవు ఐసు ఫ్యాక్టరీ మీద ప్రశ్న వేశాడు. పంచాయతీ రేడియో చుట్టూ చేరి అందరూ జవాబు విన్నారు. భవన నిర్మాణం పూర్తయిందనీ, శిక్షణ పొందిన ఆపరేటరు నియామకం జరిగిందనీ, యంత్రాలు త్వరలో రానున్నాయనీ ప్రభుత్వం చెప్పింది.

"ఆపరేటరంటే నువ్వేరా అల్లుడా! సభలో నీ సంగతి చెప్పారు," అని శివయ్య అతని భుజం చరిచాడు. అప్పారావుకు సిగ్గూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి.

మరుసటి ఏడూ అదే ప్రశ్న, అదే జవాబు. ఆ పై ఏడూ అంతే. "త్వరలో" అన్న మాట రేడియోలో రాగానే జనం నవ్వడం మొదలుపెట్టారు. అప్పారావు నవ్వలేకపోయాడు. అతను పొద్దున పదింటికి వెళ్ళి తాళం తీసి, కిటికీల సందుల్లోంచి పడ్డ ఇసక ఊడ్చి, ఖాళీ గదిలో స్టూలు మీద కూర్చునేవాడు. సాయంత్రం ఐదింటికి తాళం వేసేవాడు. ఎవరైనా తనిఖీకి రావచ్చు గనక కదలడానికి లేదు. సర్కారు జీతగాడు గనక వేటకు వెళ్ళడానికి లేదు. తనతో పెరిగినవాళ్ళు వలలెత్తుకుని గట్టు దిగుతుంటే కిటికీ ఊచలు పట్టుకుని చూసేవాడు. చుక్కాని పట్టి కాయలు కాసిన చేతులు కొన్నాళ్ళకు గుమాస్తా చేతుల్లా మెత్తబడ్డాయి. ఒకసారి పండక్కి సరదాగా బావమరిది పడవెక్కితే నాలుగు అలలు దాటేసరికి వాంతి చేసుకున్నాడు. పడవలో వాళ్ళెవరూ నవ్వలేదు. అదే అతనికి ఎక్కువ నొప్పి కలిగించింది.

రేపల్లెలో దశరథరామయ్య గారని ఒక రైతు సొంతంగా ఐసు ఫ్యాక్టరీ పెట్టాడు. కాకినాడలో పని నేర్చుకున్నవాడు ఖాళీగా కూర్చున్నాడని విని కబురు పెట్టి పిలిపించుకున్నాడు.

"నా దగ్గర మిషనుంది, మనిషి లేడు. మీ ఊళ్ళో మనిషున్నాడు, మిషను లేదు. వచ్చెయ్ అబ్బాయ్," అన్నాడాయన.

అప్పారావు గట్టు మీద పరుగులాంటి నడకతో ఇంటికొచ్చి ఆ మాట చెప్పాడు. పేరమ్మ మొహం విప్పారింది. శివయ్య మాత్రం చుట్ట ఆర్పి పక్కన పెట్టాడు.

"నువ్వు లేచావంటే ఆ ఉజ్జోగం ఎత్తేత్తారు. ఉజ్జోగం పోయిందంటే మిషను వాడరేవు ఎల్లిపోద్ది. ఆళ్ళు కాచుక్కూచున్నారు."

"ఎన్నాళ్ళు కూకోమంటావు మావా?"

"వచ్చేదాకా."

"రాకపోతే?"

"రాదని నువ్వంటే ఇంకెవరంటార్రా వత్తదని?" అని శివయ్య గొంతు తగ్గించాడు. "ఊరంతా నిన్ను చూసే కదా ఆశెట్టుకుంది. నీ ఒక్కడి సంగతి కాదిది."

మామ మాట కాదని అప్పారావు నేరుగా బాపట్లలోని మత్స్యశాఖ ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడి అధికారి జనార్దనరావు అతని రాజీనామా మాట వినగానే కుర్చీలో ముందుకు వంగాడు.

"నీకు మతి పోయిందా అప్పారావ్? ఈ సమావేశాల్లో మళ్ళీ మీ ఊరి ప్రశ్న వస్తోంది. ఆపరేటరున్నాడని ప్రతి ఏడూ సభకు చెబుతున్నాం. ఇప్పుడు లేడని ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావు? ఈ ప్రశ్న కాస్త గడవనీ."

ప్రశ్న గడిచింది. ఇంకో ప్రశ్న వచ్చింది. రేపల్లె దశరథరామయ్య గారు వేరే మనిషిని చూసుకున్నాడు.

అరవై ఎనిమిదిలో అసలు గండం వచ్చింది. ప్రభుత్వం సభలో ఇచ్చిన జవాబులు నిజమో కాదో చూడటానికి సభ్యుల కమిటీ ఒకటి ఊరూరూ తిరుగుతూ కొత్తరేవుకూ వస్తోందని తెలిసింది. జనార్దనరావు రెండు రోజుల ముందే జీపులో దిగి శివయ్యను పక్కకు పిలిచాడు.

"చూడు పెద్దాయనా, ఇన్నేళ్ళకు కూడా ఇక్కడ ఏమీ లేదని వాళ్ళు రాశారంటే ఫ్యాక్టరీ రద్దు చేసిపారేస్తారు. నడుస్తున్నట్టు కనబడిందనుకో, రావలసిన మిషను నెమ్మదిగా తెచ్చి పెట్టుకుంటాం. మీ ఊరి మంచికే చెబుతున్నాను."

శివయ్య తల ఊపాడు. ఆ రాత్రే అల్లుణ్ణి కూర్చోబెట్టి, ఎవరడిగినా ఐసు ఇక్కడే తీశామని చెప్పమన్నాడు.

కమిటీ వచ్చే రోజు పొద్దున్నే తెనాలి నుంచి లారీలో ఐసు దిమ్మలొచ్చాయి. కరగకుండా గోనెలు చుట్టి ఊక కప్పి తెచ్చారు. వాటిని తొట్టి పక్కన పేర్చారు. లోపలి గదిలో బియ్యం మిల్లు నుంచి అద్దెకు తెచ్చిన ఆయిల్ ఇంజను పెట్టి, తిప్పి, తలుపుకు తాళం వేశారు. ధన్ ధన్ మని గోడలదిరాయి. ఆరేళ్ళుగా నిశ్శబ్దంగా ఉన్న కట్టడంలో ఆ చప్పుడు మారుమోగింది. అది ఐసు మిషను చప్పుడు కాదని చెవితో పోల్చగలిగినవాడు అక్కడ అప్పారావు ఒక్కడే.

కమిటీ అధ్యక్షుడు ముసలాయన. పంచె కాస్త పైకెత్తి పట్టుకుని తడినేల మీద జాగ్రత్తగా అడుగులేస్తూ వచ్చాడు. తాళం వేసిన తలుపు చూసి "అందులో ఏముంది?" అన్నాడు.

"మిషనండి. గ్యాసు లీకవుతోందండి, మీలాంటి పెద్దలు లోపలికెళ్ళడం మంచిది కాదండి," అన్నాడు జనార్దనరావు.

ముసలాయన ఐసు దిమ్మ మీద వేలు పెట్టి, అంటుకున్న ఊకపొట్టును తీసి చూశాడు.

"ఆపరేటరెవరు?"

అప్పారావు ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"బాబూ, ఈ ఐసు ఇక్కడే తీశారా?"

గుమ్మం దగ్గర శివయ్య నిలబడి ఉన్నాడు. అతని వెనక పల్లె మొత్తం ఉంది. ఆడవాళ్ళ మధ్య పేరమ్మ కూడా ఉంది. ఇంజను ఆగకుండా కొట్టుకుంటోంది. లేదండి అన్న మాట అప్పారావు నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మాట బయటపడితే ఆరేళ్ళ కూర్చోవడం, రేపల్లె వదులుకోవడం, అందరి ఆశా ఒక్క క్షణంలో బూడిదవుతాయి.

"తీశామండి," అన్నాడు.

"మరి ఈ ఊకేంటి?"

"కరక్కుండా కప్పామండి."

ముసలాయన అతని మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత వేలికంటిన ఊకపొట్టు దులుపుకుని జీపు వైపు నడిచాడు.

ఆ మధ్యాహ్నం ఐసంతా ఊరికి పంచేశారు. ఆ ఒక్కరోజు కొత్తరేవు చందువ చేపలు రాయిలా బిగిసి రేపల్లె చేరాయి. వ్యాపారి మొప్పలెత్తి చూసి మొహం తిప్పకుండా డబ్బు లెక్కపెట్టాడని, తిరిగొచ్చిన ఆడవాళ్ళు బస్సు దిగింది మొదలు చెప్పుకుంటూనే ఉన్నారు.

సభలో తర్వాతి జవాబు పొట్టిగా వచ్చింది. కొత్తరేవు ఐసు ఫ్యాక్టరీ సంతృప్తికరంగా పనిచేస్తున్నది. అంతే. దాని తర్వాత చాలా ఏళ్ళు ఆ ఊరి మీద ఎవరూ ప్రశ్న వెయ్యలేదు. పనిచేస్తున్న ఫ్యాక్టరీ గురించి అడగడానికి ఏముంటుంది?

రెండు నెలలు చూసి అప్పారావు బాపట్ల వెళ్ళాడు.

"మిషను ఎప్పుడొత్తదండి?"

జనార్దనరావు కాగితాల్లోంచి తలెత్తలేదు. "ఏ మిషను?"

"మా ఊరి మిషనండి."

"నడుస్తున్న ఫ్యాక్టరీకి మళ్ళీ మిషను కావాలని ఎలా రాస్తానయ్యా? పాతది ఏమైందని అడగరూ?"

"అయితే నన్నొదిలెయ్యండి. నేను పోతాను."

"నడుస్తున్న ఫ్యాక్టరీ ఆపరేటరు లేకుండా ఎలా నడుస్తుంది?" అని ఆయన ఇప్పుడు తలెత్తాడు. ఆ మొహంలో వెటకారం లేదు. ఆయన కూడా ఇరుక్కునే ఉన్నాడు. "నువ్వు చెప్పావు, నేను పైకి చెప్పాను, మంత్రిగారు సభలో చెప్పారు. ఇంక ఎవరం వెనక్కి తీసుకోలేం. వెళ్ళు. వెళ్ళి తాళం తియ్యి."

ఆ మాట ఊళ్ళో తెలిసిన రోజు నుంచి అప్పారావు మీద అందరి చూపూ మారింది. మిషను నిజంగానే వచ్చిందనీ, దాన్ని వేరే రేవుకు మళ్ళించారనీ ఎక్కడో విని వచ్చారు. గంపలెత్తుకుని గట్టు మీద పోయే ఆడవాళ్ళు కిటికీ దగ్గర ఆగి "ఆపరేటరుగారూ, రెండు దిమ్మలు పెట్టండి" అని అరిచి పోయేవారు. మగవాళ్ళు మరీ సూటిగా "ఐసు తీశామని ఒప్పుకుంది నువ్వే కదంట్రా" అనేవారు. ఆ రోజు తామూ అక్కడే నిలబడ్డామన్న సంగతి ఒక్కరికీ గుర్తు లేదు. శివయ్యకు గుర్తుంది. అందుకే అల్లుడు ఎదురైతే పక్క సందులోకి మళ్ళేవాడు.

ఒకనాడు పేరమ్మ తండ్రి ఇంటి ముందుకెళ్ళి నిలబడింది.

"ఆ మాట అనిపించింది నువ్వు. అయ్యా, ఇయ్యాల ఊళ్ళో తలెత్తుకోలేనిది మా ఆయన. ఒక్కసారి నలుగుర్లో చెప్పు, నేనే అనమన్నానని."

"చెబితే నా పెద్దరికం ఏం గాను?" అన్నాడు శివయ్య.

"మరి ఆయన బతుకు ఏం గాను?"

శివయ్య లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాడు. చనిపోయేదాకా ఆ మాట నలుగురిలో చెప్పలేదు. మంచాన పడ్డాక అల్లుణ్ణి పిలిపించుకుని చెయ్యి పట్టుకున్నాడట. అప్పారావు చెయ్యి లాక్కోలేదు.

డెబ్బై నాలుగులో పై నుంచి ఉత్తర్వు వచ్చింది. జాలరులు ఐసు కొనడానికి ముందుకు రానందువల్ల కొత్తరేవు ఫ్యాక్టరీని మూసివేస్తున్నారట. ఆపరేటరు ఉద్యోగం రద్దు చేసి అప్పారావును బాపట్ల ఆఫీసులో అటెండరుగా వేశారు. బయటపడ్డాననుకున్నాడతను. పేరమ్మా అతనూ రైలుకట్ట పక్కన ఒక గది అద్దెకు తీసుకున్నారు. ఆమె సూర్యలంక నుంచి వచ్చే చేపలు బజారులో అమ్మడం మొదలుపెట్టింది. అతను ఫైళ్ళు మోస్తూ, టీలు అందిస్తూ కాలం గడిపాడు.

రెండేళ్ళు తిరక్కుండానే పాత ప్రశ్న ఆఫీసులోకే వచ్చింది. ఎవరో కొత్త సభ్యుడు కొత్తరేవు ఫ్యాక్టరీ మీద ఎంత ఖర్చయిందో, మొత్తం ఎంత ఐసు తయారైందో చెప్పమన్నాడు. జవాబు తయారుచేసే పని కొత్తగా చేరిన గుమాస్తా ఝాన్సీలక్ష్మికి పడింది. ఫైళ్ళలో ఖర్చు దొరికింది గానీ ఐసు లెక్క ఎక్కడా దొరకలేదు.

టీ గ్లాసు బల్ల మీద పెడుతున్న అప్పారావును ఆమె ఆపింది.

"బాబాయ్, నువ్వక్కడ పనిచేశావటగా? రోజుకి ఎంత ఐసు తీసేవాళ్ళు?"

అతను చుట్టూ చూశాడు. ఈసారి వెనక ఎవరూ లేరు.

"ఒక్క దిమ్మ కూడా తియ్యలేదమ్మా. మిషనే రాలేదు."

ఆమె కలం ఆగిపోయింది. లేచి హెడ్‌ గుమాస్తా సంజీవరావు దగ్గరికి వెళ్ళింది. ఆయన విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మాయ్, అది పనిచేస్తోందని ఇదే సభకు ఒకసారి చెప్పాం. ఇప్పుడు అసలు లేనే లేదని ఎలా చెబుతాం? వివరాలు సేకరిస్తున్నామని రాయి."

ఆమె అలాగే రాసింది. సాయంత్రం ఖాళీ గ్లాసులు తీసుకోవడానికొచ్చిన అప్పారావుతో మెల్లగా అంది: "అప్పుడే ఆ కమిటీకి చెప్పుంటే బాగుండేది కదా బాబాయ్."

"నన్నడిగింది ఆ ఒక్కసారేనమ్మా," అన్నాడతను. "అప్పుడు నేనొక్కణ్ణే లేను."

ఇంటికెళ్ళాక పేరమ్మతో చెప్పాడు. ఆమె గంప కడుగుతూ చెయ్యాపింది.

"నిజం చెప్పేశావా?"

"చెప్పేశాను."

"రాసుకుందా?"

"లేదు."

ఆమె "పోన్లే. ఒక మడిసి చెవినన్నా పడింది," అని మళ్ళీ గంప వైపు తిరిగింది.

మర్నాడు పొద్దున్నే అతను గోనెసంచి తీసుకుని, ఊరి చివర ప్రైవేటు ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర వరసలో నిలబడ్డాడు. లోపల కంప్రెసరు నడుస్తోంది. తన దిమ్మ తీసుకుని, భుజాన వేసుకుని, సంచిలోంచి నీళ్ళు వీపు మీదుగా కారుతుంటే బజారుకు నడిచాడు. సుత్తితో చిన్న ముక్కలుగా కొట్టి పేరమ్మ చేపల మీద సర్దాడు. తర్వాత చేతులు తుడుచుకుని, చొక్కా మార్చుకుని, పదింటి ఆఫీసుకు బయల్దేరాడు.