భుజం మీది సంవత్సరం

ఆరిన్ నెబ్రాస్కాలో ఓ చిన్న ఊళ్లో టైర్ల షాపులో పంక్చర్లు వేస్తాడు. ఇరవై ఆరేళ్లు. కాలేజీ గడప తొక్కలేదు గానీ, లైబ్రరీలో పాత అమెరికా నాణేల మీదున్న పదకొండు పుస్తకాలూ నమిలేశాడు. దాంతో లోకంలో తనకు తప్ప ఎవరికీ ఏమీ తెలియదన్న రోగం పట్టుకుంది. నాణేల క్లబ్బు ముసలాళ్లు అతన్ని "ప్రొఫెసర్ గారూ" అనేవారు. వెక్కిరింపని తెలిసినా పిలుపు బాగానే ఉండేది.

ఓ మంగళవారం క్లబ్బులో అతన్ని మాట్లాడమన్నారు. విషయం, అడవిదున్న బొమ్మ ఉన్న పాత అయిదు సెంట్ల నాణెం. దానికి రెండో వైపు ఆదివాసి ముఖం. అచ్చైన సంవత్సరం ఆ ఆదివాసి భుజం మీద, ఎత్తైన చోట ఉంటుంది. అందుకే త్వరగా చెరిగిపోతుంది.

"దున్న కింది అక్షరాలు అరుగుతాయని మొదటి ఏడాదే సరిచేశారు. భుజం సంగతి పాతికేళ్లు ఎవడికీ పట్టలేదు!" అని ఆరిన్ అద్దం ముందు మండిపడుతూ సాధన చేశాడు.

చూపించడానికి అమ్మమ్మ అల్మాను ఓ నాణెం అడిగాడు. తాతయ్య పోయిన రోజు ఆయన జేబులో దొరికింది. నలభై ఏళ్లుగా చర్చిలో ప్రసంగం సాగినంతసేపూ ఆమె దాన్ని బొటనవేలితో రుద్దేది. భుజం సబ్బుముక్కలా నున్నగా అయింది.

"ఇచ్చింది ఇచ్చినట్టు తెచ్చివ్వాలిరా."

"నాణేల సంగతి నాకా చెప్తున్నావ్ అమ్మమ్మా?"

మాట్లాడాల్సిన ముందురోజు, సోమవారం, అతనికి బుద్ధి గడ్డి తింది. అరుదైన సంవత్సరమైతే ముసలాళ్ల నోళ్లు మూతపడతాయి కదా! చెరిగిన అంకెలు తేల్చడానికి నాణేల మీద యాసిడ్ వేసి పాడుచేసేవాళ్లు కసాయిలని అందరితో తగువులాడినవాడే, భుజం మీద ఒక చుక్క వేశాడు. అంకెలు తేలాయి. 1936. కోట్లలో అచ్చైన ఏడాది. చుట్టూ బూజు పట్టినట్టు గరుకు మచ్చ.

క్లబ్బులో పెద్దాయన హాలిస్ భూతద్దం పెట్టి చూశాడు.

"ప్రొఫెసర్ గారూ, దీనికి యాసిడ్ వేసిన గాడిద ఎవరండీ?"

"నేనేనండీ."

ఆ రోజు అతను పుస్తకం చూడకుండా చెప్పిన మాట అదొక్కటే.

అల్మా నాణెం అందుకుని అలవాటుగా బొటనవేలు పెట్టింది. వేలు ఆగిపోయింది. ఆరిన్ దారంతా కూర్చుకున్న క్షమాపణలో "తప్పయింది" అన్నదొక్కటే బయటికొచ్చింది.

ఆమె ఆ గరుకు మీద మళ్లీ వేలు తిప్పింది.

"మీ తాత గడ్డంలా ఉంది. ఆదివారం వస్తే గానీ గీసుకునేవాడు కాదు," అంది. "మళ్లీ నలభై ఏళ్లు రుద్దడం నావల్ల కాదు. నువ్వు రా చర్చికి."

ఆరిన్ వెళ్లాడు. ప్రసంగం గంటన్నర సాగింది. బొటనవేలు బొబ్బెక్కింది. 1936 మాత్రం చెక్కుచెదరలేదు.